గాలికోట - గట్టి నేల

తిరునాళ్లలోను, వస్తు ప్రదర్శనలలోను పిల్లలు గంతులు వేయు గాలికోటలు కర్నూలు, కడప సీమలకు నేడు క్రొత్తవి కావు. 1950ల చివర అమెరికాలో జాన్ స్కర్లాక్ అను ఇంజనీరు ఈ వినోదమునకు రూపము కల్పించెను. విద్యుత్ పంకా ఎడతెగక గాలి నింపుచుండుటచేతనే కోట నిలుచును. చూపునకు ఎంత పెద్దదో, పరిమాణమునకు అంత తేలిక. పెనుగాలి వీచినచో అది తెరచాప వంటిదే.

2021 డిసెంబరు 16న ఆస్ట్రేలియాలోని డెవన్‌పోర్టులో, ఒక బడి వేడుకనాడు సుడిగాలి అట్టి కోటను పైకెత్తగా ఆరుగురు పిల్లలు మరణించిరి. వేసవిలో ధూళిసుడులు లేచు మన మెట్టసీమకు ఇది దూరపు వార్త కాదు.

కావున క్రీడాస్థలమును ఏర్పరచువారు రంగులకన్న ముందు నేలను పరిశీలింపవలెను. ఐరోపా ప్రమాణముల ప్రకారము కోటకు కనీసము ఆరు కట్లుండవలెను. గాలివేగము గంటకు 38 కిలోమీటర్లు మించినచో ఆట మానవలెను. ఎండకు బీటలు వారిన రేగడిలో మేకు పట్టు సడలును. బండనేలపై మేకే దిగదు, అచట తగిన బరువులకు కట్టవలెను. నడి ఎండకు నేల కాగినప్పుడే ధూళిసుడులు లేచును. కోట గుడ్డయు పాదములను కాల్చును. అందుచే వేసవిలో ఉదయపు ఆటయే మేలు. తల్లిదండ్రులకు వేపనీడ ఉండవలెను. అచటినుండి పిల్లలు కనబడవలెను.

కట్లు స్వయముగా చూచిన పిమ్మటనే పిల్లలను లోనికి విడుచుట ఉపాధ్యాయుల వంతు.