పార్లర్ అడా, వీరనారి జాజా

అడా ఒక చిన్న ఊళ్లో బ్యూటీ పార్లర్ నడుపుకునే గే యువకుడు. ప్రేమించి దెబ్బతిన్నాక ఇక ఆ జోలికే పోకూడదనుకున్నాడు. ఒక రాత్రి ఆకాశం నుంచి పెద్ద రాయి ఊడిపడుతుంది. దాన్ని మింగి, దాని మీద చెక్కి ఉన్న ‘జటర్నా’ అన్న పేరును అరవగానే అడా కాస్తా ఎర్ర జుట్టు, మహాబలం ఉన్న వీరనారి జాజా జటర్నా అయిపోతాడు. ఊరి మీద పడ్డ రాక్షస కప్పతోనూ, గ్రహాంతరం నుంచి దిగిన మహారాణి ఫెమినాతోనూ తలపడతాడు.

ఫిలిప్పీన్స్ బొమ్మల కథల రచయిత కార్లో వెర్గారా 2002లో సృష్టించిన కథ ఇది. రాయి మింగడం ఎందుకో ఆ దేశంలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. మార్స్ రవేలో సృష్టించిన డార్నా అనే వీరవనిత 1950ల నుంచి వాళ్ల ఇంటింటి కథ. నార్డా అనే పల్లెపిల్ల రాయి మింగి పేరు అరిస్తే డార్నా అవుతుంది. డార్నాలా మారాలని కలగన్న మగపిల్లలూ ఉంటారు కదా! వెర్గారా ఆ కలనే కథ చేశాడు.

2006లో తంగహాలంగ్ పిలిపినో నాటక సంస్థ దీన్ని సంగీత నాటకంగా వేసింది. వేదిక మనీలాలోని ఫిలిప్పీన్స్ సాంస్కృతిక కేంద్రం, అంటే ప్రభుత్వ సంస్థ. రచన క్రిస్ మార్టినెజ్, పాటలు విన్సెంట్ డి హెసూస్, దర్శకత్వం క్రిస్ మిలాడో.

కాగితం మీద మనిషి రూపం మారాలంటే తర్వాతి గడిలో ఇంకో బొమ్మ వేస్తే చాలు. రంగస్థలం మీద అలా కుదరదు. ఇక్కడ అడాగా ఒక నటుడు, జాజాగా ఒక నటి కనిపించారు. జాజా వేషం యూలా వాల్డెజ్ కట్టింది. ఈ ఏర్పాటులోనే నాటకం బలమంతా ఉంది. ఆమె గుద్దులు గుద్దుతున్నా, ఎగురుతున్నా, లోపల బెదురుతున్నది అడాయే. కోరుకున్న ఒళ్లు దక్కింది, అయినా తనను ఎవరైనా ప్రేమిస్తారా అన్న దిగులు మాత్రం పోలేదు. ఆ దిగులును పాట చెప్పినంత బాగా మాట చెప్పలేదు. చివరికి ఊరి కుర్రాడు డోడాంగ్ మనసు పడింది వీరనారి మీద కాదు, పార్లర్‌లోని అడా మీద. గే పాత్రను చూసి నవ్వడానికి అలవాటుపడ్డ ప్రేక్షకులు ఇక్కడ అతనితో కలిసి నవ్వారు. నాకు తెలిసి ఆసియాలో ఇంత సూటిగా, ఇంత సరదాగా ఈ పని చేసిన నాటకాలు తక్కువ.

నాటకానికి మళ్లీ మళ్లీ ప్రదర్శనలు పడ్డాయి. నాటకం వచ్చిన ఏడాదే సినిమా కూడా వచ్చింది. అందులో అడా పాత్ర వేసిన బీబీ గందాంగ్హరి అంతకుముందు యాక్షన్ హీరో. ఆ 2006లోనే ఒక టీవీ రియాలిటీ షోలో తాను గే అని చెప్పుకుంది. 2009లో ట్రాన్స్‌జెండర్ మహిళగా లోకం ముందుకొచ్చింది.

వేదిక బయట ఆ దేశంలో పరిస్థితి అంత తేలిగ్గా లేదు. క్వీర్ ప్రజల పార్టీ ‘లడ్‌లడ్’ నమోదును 2009లో ఎన్నికల సంఘం ‘అనైతికం’ అంటూ తిరస్కరించింది. 2010 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. వివక్షను నిషేధించే బిల్లు మాత్రం రెండు దశాబ్దాలకు పైగా చట్టసభల్లో నలుగుతూనే వచ్చింది.

తెలుగులో నాటకాలు రాసేవారు, ఆడేవారు ఈ దారిని గమనించాలి. విఠలాచార్య సినిమాలు చూసి పెరిగిన మన ప్రేక్షకులకు మంత్రంతో రూపం మారే కథ కొత్తేమీ కాదు. అలాంటి కథలో క్వీర్ మనిషిని నవ్వించే పక్కపాత్రగా కాక నాయకపాత్రగా నిలబెట్టండి. వీలైతే ఆ పాత్రను ఆ జీవితం తెలిసిన నటుల చేతే వేయించండి.