నిప్పును తెల్లవారువరకు నిలుపుట

మార్గశిర పుష్యమాసములలో సముద్రము మీదుగా మంచు క్రమ్ముకొని వచ్చునపుడు మా శ్రీకూర్మమున కోడికంటె ముందుగా ముసలివారి మోకాళ్లు మేలుకొనును. అరుగుల ముందర నెగళ్లు వేసికొని కూర్చుండుట మనకు తరతరముల అలవాటు. గ్యాసుపొయ్యిలు ఇంటింటికి వచ్చిన తరువాతను నీళ్లకాగు క్రింద కట్టెయు, కుంపటిలో బొగ్గును మనలను విడిచిపోలేదు. నెగడు వేయువారందరి మొరయు నొక్కటే: రాత్రి తొమ్మిది గంటలకు మోపెడు కట్టె వేసినను మూడవ జాము నాటికి బూడిదయే మిగులుచున్నది, మరల కట్టె తెచ్చి వేయుటకు లేవవలసినవాడు చలికి లేవలేని వృద్ధుడే. ఒకసారి పేర్చిన కట్టె తెల్లవారువరకు నిలుచుట యెట్లు? ప్రశ్న చిన్నదే గాని, దాని ప్రత్యుత్తరములో కొంత సౌఖ్యమునకును, కొంత ప్రాణమునకును సంబంధించినది. రెండింటిని మనవి చేసెదను.

కట్టె కాలుచున్నదని మనమందుము. నిజమున కక్కడ మూడు కార్యములు నడచుచుండును. మొదట కట్టెలోని నీరు ఆవిరియై పోవును. పిమ్మట కట్టె వేడికి విడిపోయి మండెడి వాయువులను వెలిగ్రక్కును. మనము చూచు మంట యీ వాయువులదే. ఎండిన కట్టె బరువులో నూటికి 75 పాళ్లకు తక్కువ గాకుండ నీ రూపముననే పోవును. కడపట మిగులునది బొగ్గు. అది మంట లేక యెర్రగా, నెమ్మదిగా కాలును. తూకమున అల్పమైనను, కట్టె యిచ్చు మొత్తము వేడిలో మూడవ వంతు వరకు దానిదే. నిప్పును నిలుపదలచినవాడు మంటను పొదుపుగా నడిపించి, బొగ్గుకాలమును పొడిగింపవలెను. ఇకముందు చెప్పబోవునదంతయు దీని వివరణమే.

పచ్చికట్టె యెక్కువసేపు నిలుచునని కొందరి నమ్మకము. నిలుచుట నిజమే, మూలుగుచు నిలుచును. అప్పుడు నరికిన కట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. మన యెండలో 30 డిగ్రీలున్న నీటిని మరుగునకు తెచ్చుటకు గ్రామునకు 70 కేలరీలు చాలును. ఆ మరుగునీటిని ఆవిరి చేయుటకో, మరి 540 కావలెను. అనగా ఏడు రెట్లకు పైబడిన వ్యయము. ఈ వ్యయమంతయు కట్టె తన వేడినుండియే చెల్లించును. అంతటితో పోక, ఆ ఆవిరివలన మంట చల్లబడి, మండవలసిన వాయువులు మండక పొగయై మన కండ్లలో పడును. నేలకు తగులకుండ రెండు దూలముల మీద పేర్చి, పైన కప్పు వేసి, ప్రక్కల గాలి ఆడనిచ్చి ఒక వేసవి గడిపిన కట్టెలో నీరు నూటికి 15 మొదలు 20 పాళ్లకు దిగును. ఎండినదో లేదో తెలిసికొనుటకు రెండు కట్టెలను కొట్టి వినుడు: ఎండినది ఖంగుమనును, పచ్చిది దబ్బుమనును. ఎండిన కట్టె కొనలు నెఱ్ఱెలు విచ్చియుండును, బెరడు చేతితోనే ఊడివచ్చును.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినపుడు ఉద్దానపు కొబ్బరితోటలు, జీడితోటలు నేలకూలినవి. కన్నబిడ్డలవలె పెంచిన చెట్లు ఒక్క రాత్రిలో వంటచెరకైపోయిన ఆ దుఃఖమును తలంచుటకే మనసొప్పదు. అట్టి సమయమున గూడ కూలిన మ్రానును మొద్దుగా తడినేలపై విడిచినచో అది చెదలపాలగును. చీల్చి పేర్చినచో మరుసటి చలికాలమునకు పనికివచ్చును.

చీల్చిన కట్టె త్వరగా ఎండును. త్వరగా కాలును కూడ. ఇందులో చిన్న లెక్క యున్నది. ఒక గుండ్రని దుంగను నిలువుగా నాలుగు పేడులుగా చీల్చినచో గాలికి తగులు పార్శ్వము మునుపటికి రెట్టింపునకు పైన పెరుగును. వాయువులు వెడలునది పార్శ్వమునుండియే గనుక మంటయు ఆ మేరకు వేగిరపడును. కావున వంటకు సన్నని పేడులు, నెగడునకు లావుపాటి మొద్దులు. ఎండబెట్టునపుడు సగమునకు చీల్చి, కాల్చునపుడు ఆ సగములను దగ్గరదగ్గరగా ఆనించి పేర్చిన నీ రెండు ప్రయోజనములును కూడివచ్చును. లావు మొద్దులను అడుగున బిగువుగా పేర్చి, చితుకులను తాటికమ్మలను పైనుంచి, పైనుండియే అంటించి చూడుడు. క్రింది కట్టె ఒక్కమారుగా మండిపోక, వరుసగా అంటుకొనుచు దిగును. మా తాతలనాటి పద్ధతి మరియొకటి కలదు: పొడుగాటి దుంగలను బండిచక్రపు ఆకులవలె అమర్చి, కొనలు మాత్రము నడుమ కలియునట్లుంచి, కాలినకొలది ముందునకు త్రోయుట. దీనికి గొడ్డలితో పనిలేదు. నిద్రపట్టని ముసలివాడొకడుండిన చాలును.

కట్టెలలో జాతిభేదము కలదు. మన తీరమునకు సరుగుడు వరప్రసాదము. కొందరు సరివి యందురు. 19వ శతాబ్దమున రైలింజన్లకు వంటచెరకు నిమిత్తము చెన్నపురి రాష్ట్రపు తీరమున దీనిని విరివిగా నాటించిరి. బరువైన కట్టె, గట్టి బొగ్గు. చింతయు తుమ్మయు దీనికి తీసిపోవు. మామిడి తేలిక, మంట మాత్రము చూడముచ్చట. గన్నేరు కట్టె పొగ విషము గనుక దానిని నెగడు దరికి రానీయరాదు. జీడితొక్కల పొగ కండ్లను గొంతును మండించును. పాతపడవల చెక్కలకు రంగును ఉప్పును పట్టియుండును. వాని పొగ యొంటికి మంచిది కాదు.

ఇక గాలి సంగతి. చలిదేశములలో గోడలోనే పొయ్యి కట్టుకొనుట ప్రాచీనాచారము. దాని సెగలో అధికభాగము గొట్టముగుండ ఆకాశమున కర్పితమగుచుండెను. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అను అమెరికా దేశపు పండితుడు ఇందులకు ప్రతిక్రియగా ఇనుపపొయ్యి నొకదానిని కల్పించి, 1744లో దానిని గూర్చి చిన్న పుస్తకము ప్రకటించెను. నేడు పాత గోడపొయ్యిలోనే ఇమిడిపోవు ఇనుపపెట్టెను, గాజుతలుపుతో అచ్చట అమర్చుకొనుచున్నారు. అమెరికాలోనున్న బిడ్డల యిండ్లకు పోయివచ్చిన పెద్దలు కొందరు దీనిని చూచియే యుందురు. అందు గాలి వచ్చు రంధ్రమునకు జరుపుడు మూత యుండును. మొదట మూత పూర్తిగా తెరచి, కట్టె బాగుగా నంటుకొని, పెట్టె వేడెక్కిన తరువాత కొంచెము కొంచెముగా మూయుదురు. తొందరపడి ముందే మూసినచో వాయువులు మండక గొట్టములో జిడ్డుమసిగా పేరుకొని, ఒకనాడు ఆ మసియే అంటుకొని ఇంటికి ముప్పు తెచ్చును. గాలిని బొత్తిగా మూయుట యెన్నడును లేదు.

ఈ విద్యయందు మన తెలుగుదేశము వెనుకబడినది కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్. పి. రాజు గారు పొగలేని వంటయిండ్లను గూర్చి 1953లోనే ఆంగ్లమున పుస్తకము వెలువరించిరి. మట్టితో చేయదగిన పొయ్యికి పొగగొట్టమును, గొట్టపు గుంజుడును అదుపుచేయు మూతయు ఉండవలెనని వారి బోధ. ఆ తరువాత ముప్పది యేండ్లకు, 1983లో, మెరుగుపరచిన పొయ్యిల నిమిత్తము దేశమంతటికి నొక పథకము పుట్టెను. పొయ్యిలు కట్టించిరి గాని మూత వాడుక నేర్పినవారు అరుదు.

మూతలేని మన నెగడునకు మూత యేది? బూడిదయే. నివురుగప్పిన నిప్పు అను మాటను మనము ప్రమాదసూచకముగా వాడుచున్నాము. ఇల్లాండ్రకు మాత్రమది నిత్యకృత్యము. అగ్గిపెట్టెలు దుర్లభమైన దినములలో రాత్రి వంట ముగిసిన పిదప కణకణలాడు నిప్పులను ఒకచోటికి దగ్గరచేర్చి, నడుమ పిడక నొకదానిని పూడ్చి, పైన బూడిద కప్పెడివారు. ఉదయమున బూడిద త్రోసి, ఊదుగొట్టముతో ఊదిన నిప్పు సిద్ధము. ఒంటరి నిప్పుకణిక నిమిషములలో నల్లబడును; కుప్పలోని కణికలు ఒకదాని వేడి నొకటి కాచుకొనును. పైబూడిద వేడిని బయటికి పోనీయదు, గాలిని లోనికి మెల్లగా మాత్రమే పోనిచ్చును. ఆహితాగ్నుల యిండ్ల గార్హపత్యాగ్ని యారరాదను నియమము నడచినదియు ఇట్టి కాపుదల చేతనే. కావున నెగడులోని బూడిద నంతను దినదినము ఊడ్చిపారవేయకుడు; నాలుగంగుళముల పఱపు అడుగున ఉండనిండు. పండుకొనబోవు ముందు మంట తగ్గిన మొద్దును నిప్పులమీదికి దొర్లించి, సగమువరకు బూడిద కప్పుడు.

పొట్టుపొయ్యియు ఇట్టిదే. రేకుడబ్బా నడుమ కఱ్ఱను నిలిపి, చుట్టును ఊకగాని రంపపుపొట్టుగాని దట్టించి, కఱ్ఱ తీసివేసినచో ఆ బిలములోనుండి నిప్పు వెలుపలికి మెల్లమెల్లగా తినుచు గంటలకొలది నిలుచును. ఎంత గట్టిగా దట్టించిన అంత ఆయువు.

ఇప్పుడు ప్రాణముమాట. గాలి తగ్గించి నిలుపుకొన్న ప్రతి నిప్పును కార్బన్ మొనాక్సైడు అను విషవాయువును పుట్టించును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది మన నెత్తురులో ప్రాణవాయువు కూర్చుండవలసిన స్థానము నాక్రమించును. అచ్చట ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా బలముతో అంటిపెట్టుకొనును. ఆరుబయట నెగడులో నిది గాలిలో కలిసిపోవును. తలుపులు మూసిన గదిలోని కుంపటియే యమదూత. పొగ లేదు గనుక భయము లేదని మనవారి తలంపు. పొగ కనబడినచో మనమే తలుపు తీయుదుము. ఎర్రని బొగ్గులు పొగ లేకయే చంపును.

కొన్నేండ్ల క్రిందట బారసాల ముహూర్తము నడుగుటకు నన్నొక యింటికి పిలిచిరి. పురిటిగది కిటికీకి గోనెపట్టా కట్టి, మంచము క్రింద కుంపటి పెట్టిరి. బాలింత తలపోటని, కడుపులో తిప్పుచున్నదని మూలుగుచుండెను. దిష్టి తగిలినదని ఇంటివారి నిశ్చయము. పట్టా తీయుమంటిని.

“బాబూ, చలిగాలి కొడితే బిడ్డ బిగుసుకుపోతాది” అని ముసలమ్మ అడ్డుపడెను.

“అమ్మా, ఈ బొగ్గు తినే గాలినే నీ మనుమరాలూ పీల్చుకుంటోంది. ముందు కుంపటి బయట పెట్టించు” అంటిని.

బాలింతను బిడ్డతో సహా వాకిటికి తెచ్చిన కొంతసేపటికి తలపోటు తగ్గుముఖము పట్టెను. ముహూర్తము తరువాత చూచితిమి.

తలపోటు, వాంతి, తలతిరుగుడు, ఆగని మత్తు, ఇవియే దీని గురుతులు. ఒకే గదిలోని వారందరికి ఒకేసారి వచ్చినచో సందేహమే వలదు. ముందుగా వారిని బయటిగాలికి తెచ్చి, 108 బండిని పిలువవలెను. పసిపిల్లలకును గర్భిణులకును హాని మరింత గనుక కోలుకొన్నట్లు తోచినను వైద్యునికి చూపవలెను.

మరి పురిటిగదికి వెచ్చదన మెట్లు? నిప్పును గాక సెగను మాత్రమే లోనికి తీసికొనిపోవచ్చును. రెండు పొడి ఇటుకలను నెగడు అంచున గంటసేపు కాగనిండు. నీటిలో నుండి తీసిన రాళ్లను కాచకుడు, పగిలి పెట్లిపోవును. ఇటుకలు మరీ యెర్రబడకముందే పటుకారుతో తీసి, గుడ్డ కమురునంత వేడి తగ్గనిచ్చి, మందపు నూలుగుడ్డను మూడు నాలుగు పొరలు చుట్టుడు. మీ చెంపకు కొంతసేపు ఆనించుకొని, సుఖముగా నున్నదని తోచిన తరువాతనే బాలింత కాళ్లవైపున, బిడ్డకు దూరముగా ఉంచుడు. ఒక జత చల్లారునప్పటికి రెండవ జత నెగడునొద్ద సిద్ధముగా నుండును.