ఆత్మకథయు జ్ఞాపకమును

ఆత్మకథను చదువునప్పుడు రచయిత సత్యవాదియా, కాదా యని విచారింతుము. అంతకంటె సూక్ష్మమైన ప్రశ్న వేరొకటి కలదు. సత్యసంధుని జ్ఞాపకమైనను సర్వదా నమ్మదగినదేనా?

1986 జనవరి 28వ తేదీన అమెరికాలో ఛాలెంజర్ వ్యోమనౌక ప్రేలిపోయెను. ఆ వార్తను తామెక్కడ, ఎవరివలన, ఏమి చేయుచు వినిరో మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఉల్రిక్ నైసర్ మరునాడే ఎమొరీ విశ్వవిద్యాలయ విద్యార్థులచే వ్రాయించెను. సుమారు రెండున్నర సంవత్సరముల పిదప వారిలో 44 మందిని మరల ప్రశ్నింపగా, 11 మంది చెప్పిన ముఖ్య వివరములలో ఒక్కటియు తొలి వ్రాతతో సరిపడలేదు. అయినను పలువురు తమ జ్ఞాపకము నిశ్చయమనియే నమ్మిరి. తమ చేవ్రాతను చూపినను మరచిన సంగతి వారికి స్ఫురింపలేదు.

జ్ఞాపకము పెట్టెలో దాచిన పత్రము వంటిది కాదు. స్మరించుట యనగా మిగిలిన ఆనవాళ్ళనుండి గతమును తిరిగి నిర్మించుకొనుట యని బార్ట్‌లెట్ 1932లోనే ప్రతిపాదించెను. కావున జ్ఞాపకమునందలి స్పష్టత దాని యథార్థతకు ప్రమాణము కాజాలదు.

కందుకూరి వీరేశలింగము తొలి వితంతు వివాహమును జరిపించినది 1881లో. ఆయన 'స్వీయచరిత్రము' వెలువడ నారంభించినది 1911లో. నడుమ 30 సంవత్సరములు గడచినవి. పరిశోధకుడు ఆ గ్రంథమును నాటి 'వివేకవర్ధని'తో సరిపోల్చి చూడవలెను. అదియు ఆయన పత్రికయే, కాని ఆనాటిది. భేదము కనబడినచో రచయితను అసత్యవాది యని నిందింపరాదు. ఆ సంఘటనను ఆయన వార్ధకమున ఏ విధముగా అర్థము చేసికొనెనో ఆ భేదమే మనకు తెలుపును.