ఇంట్లో కట్టిన హాట్‌రాడ్ – ముగింపు పనులు

పరిచయం

గత పాఠంలో మోటారు వాహనంలోని ముఖ్య భాగాలను గురించి తెలుసుకున్నారు. ఆ భాగాలన్నీ ఒకచోట చేర్చి, బండి ఆకారం వచ్చిన తర్వాత మిగిలే పనులను ఈ పాఠంలో పరిశీలిద్దాం. ఇందుకు ఉదాహరణగా హాట్‌రాడ్‌ను తీసుకుంటున్నాం. పాత కారును విప్పి, బరువు తగ్గించి, శక్తిమంతమైన ఇంజను అమర్చి, సొంతదారే తన షెడ్డులో తిరిగి కట్టుకున్న బండిని హాట్‌రాడ్ అంటారు. ఇది అమెరికాలో పుట్టిన అలవాటు.

ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
– ముగింపు పనులను ఏ వరుసలో చేయాలో, ఆ వరుసకు కారణమేమిటో చెప్పగలుగుతారు.
– వేగానికీ బ్రేకులకూ ఉన్న సంబంధాన్ని లెక్కతో వివరించగలుగుతారు.
– ఫ్యూజు, ఎర్తు తీగల అవసరాన్ని గుర్తించగలుగుతారు.

1. హాట్‌రాడ్ నేపథ్యం

1930లలో దక్షిణ కాలిఫోర్నియా యువకులు పాత ఫోర్డు కార్లను చౌకగా కొని, మడ్‌గార్డులు, అద్దాలు తీసేసి, మొహావే ఎడారిలోని ఎండిన సరస్సుల మీద వేగంగా నడిపేవారు. 1937లో అక్కడి క్లబ్బులు కలిసి దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. 1932లో ఫోర్డు కంపెనీ సామాన్యుడు కొనగల ధరలో వి-8 ఇంజను కారును తెచ్చింది. దాని శక్తి 65 అశ్వసామర్థ్యం. ఆ సంవత్సరపు ఫోర్డు ఇప్పటికీ హాట్‌రాడ్ కట్టేవారికి ఎంతో ఇష్టమైన బండి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత ఈ సరదా బాగా పెరిగింది. కొందరు వీధుల్లోనే పందాలు వేసుకోసాగారు. ప్రమాదాలు జరిగాయి. పందాలను వీధుల నుంచి తప్పించి, నియమాల కిందికి తేవాలని 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. పందానికి ముందు ప్రతి బండినీ తనిఖీ చేయడం అందులో ముఖ్యమైన నియమం.

ఆ తనిఖీ ఎందుకు అవసరమైందో గమనించండి. ఫ్యాక్టరీలో తయారైన కారును చాలామంది పరీక్షిస్తారు. ఇంట్లో కట్టిన బండిని పరీక్షించేది కట్టినవాడే. అతని కంటికి ఆనని లోపం రోడ్డు మీదనే బయటపడుతుంది. కాబట్టి ముగింపు పనులంటే రంగులు, సోకులు మాత్రమే కావు. బండిలో కూర్చునేవారి ప్రాణం వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

2. రంగు చివరన ఎందుకు?

కొత్తగా నేర్చుకునేవారు బండిని ముందుగా మెరిపించాలనుకుంటారు. అనుభవజ్ఞులు బండిని ఉత్త ఇనుము మీదనే పూర్తిగా బిగించి, నడిపి చూసి, మళ్లీ విప్పి రంగు వేస్తారు. దీనికి మూడు కారణాలున్నాయి.

మొదటిది: నడిపినప్పుడే ఎక్కడ ఏది రాసుకుంటున్నదో తెలుస్తుంది. అప్పుడు కొత్త రంధ్రం చేయాలన్నా, వెల్డింగు పెట్టాలన్నా రంగు పాడవుతుందనే భయం ఉండదు. రెండవది: సాధారణంగా వాడే బ్రేకు ద్రవం రంగును తినేస్తుంది. మూడవది ముఖ్యమైనది. రంగు వేసిన తర్వాత లోపం కనిపిస్తే, విప్పడానికి మనసొప్పక "ఇప్పటికిలా పోనిద్దాం" అనుకునే ప్రమాదం ఉంది.

3. బ్రేకులు

కదిలే వస్తువుకు గతిజశక్తి ఉంటుందని భౌతికశాస్త్రంలో చదివారు.

గతిజశక్తి = ½ × ద్రవ్యరాశి × వేగం × వేగం

1000 కిలోల బండి గంటకు 36 కి.మీ. వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్ల చొప్పున పోతున్నదనుకుందాం. దాని గతిజశక్తి 50,000 జౌళ్లు. వేగం 72 కి.మీ. అయితే శక్తి 2,00,000 జౌళ్లు. 108 కి.మీ. అయితే 4,50,000 జౌళ్లు. వేగం మూడింతలైతే శక్తి తొమ్మిదింతలైంది. బండి ఆగాలంటే ఈ శక్తినంతా బ్రేకులు వేడిగా మార్చాలి. కాబట్టి ఇంజను శక్తి పెంచినవారు బ్రేకులనూ పెంచక తప్పదు.

1932 ఫోర్డులో బ్రేకులు ఇనుప కడ్డీలతో పనిచేసేవి. ఫోర్డు కార్లకు ద్రవపీడనంతో పనిచేసే బ్రేకులు 1939 నమూనాలో వచ్చాయి. అందుకే హాట్‌రాడ్ కట్టేవారు 1939–48 నాటి బ్రేకులను తెచ్చి పాత బండికి బిగించేవారు.

బ్రేకు పైపుల్లో గాలి బుడగ ఉండకూడదు. ద్రవం నొక్కినా కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. బుడగ ఉంటే పెడల్ మెత్తగా దిగుతుంది గాని పీడనం చక్రాలకు చేరదు. మామూలుగా మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి, ఒక్కొక్క చక్రం దగ్గర గాలిని బయటికి తీస్తారు. చాలా హాట్‌రాడ్‌లలో మాస్టర్ సిలిండరు నేలపలక కింద, బాగా దిగువన ఉంటుంది. అప్పుడు ద్రవం చక్రాల దగ్గరి నుంచి వెనక్కి జారుతుంది. దీన్ని ఆపడానికి పైపులో చిన్న వాల్వు పెడతారు. డిస్కు బ్రేకులకు చదరపు అంగుళానికి 2 పౌండ్లు, డ్రమ్ము బ్రేకులకు 10 పౌండ్లు నిలిపే వాల్వు వాడతారు.

పాఠ్యగత ప్రశ్న 1: బండి వేగం రెట్టింపైతే బ్రేకులు ఎన్ని రెట్లు శక్తిని వేడిగా మార్చాలి?

4. నట్లు, బోల్టులు, స్టీరింగు

బోల్టును బిగించినప్పుడు అది కొద్దిగా సాగుతుంది. సాగిన బోల్టు తిరిగి కుంచించుకోవాలని చూస్తూ రెండు భాగాలనూ పట్టి ఉంచుతుంది. తక్కువ బిగిస్తే వదులవుతుంది, ఎక్కువ బిగిస్తే తెగుతుంది. కనుక చేతి అంచనా చాలదు, టార్కు పానా వాడాలి. అర మీటరు పొడవున్న పానా చివర 200 న్యూటన్ల బలం వేస్తే టార్కు 100 న్యూటన్-మీటర్లు. బిగించిన ప్రతి బోల్టు మీద రంగు గీత పెట్టడం మంచి అలవాటు. గీత లేనిది ఇంకా బిగించలేదని, గీత పక్కకు జరిగినది వదులైందని చూడగానే తెలుస్తుంది. స్టీరింగులోని గాడి నట్లకు స్ప్లిట్ పిన్ను తప్పనిసరి. ఒకసారి తీసిన పిన్నును మళ్లీ వాడకూడదు.

సైకిలు ముందు ఫోర్కు నిటారుగా కాక వెనక్కి వాలి ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ వాలు వల్ల చక్రం తనంతట తానే తిన్నగా నిలుస్తుంది. కారులో ఈ వాలును కాస్టర్ అంటారు. అందం కోసం హాట్‌రాడ్ ముందుభాగాన్ని కిందికి దించితే చట్రమంతా ముందుకు వాలి, కాస్టర్ తగ్గిపోతుంది. అప్పుడు బండి రోడ్డు మీద అటూ ఇటూ ఊగులాడుతుంది. అందుచేత ఎత్తు ఖాయమైన తర్వాతనే అలైన్‌మెంట్ చూడాలి.

5. వైరింగు

ఒక్కొక్కటి 55 వాట్ల దీపాలు రెండు ఉన్నాయనుకుందాం. మొత్తం 110 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ అయితే విద్యుత్ ప్రవాహం సుమారు 9.2 ఆంపియర్లు. దీనికి 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. తీగ అంతకంటే ఎక్కువ ప్రవాహాన్ని తట్టుకునేదై ఉండాలి. ఫ్యూజు ముఖ్యంగా కాపాడేది దీపాన్ని కాదు, తీగను. పలుచని తీగకు పెద్ద ఫ్యూజు వేస్తే ముందు తీగే కాలుతుంది.

ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరు గుండా విద్యుత్తు పోదు. కనుక ఇంజను నుంచి చట్రానికి లావుపాటి ఎర్తు తీగ వేయాలి. అది కలిసే చోట రంగును ఉప్పుకాగితంతో గీకి ఇనుము కనబడేలా చేయాలి. ఇలా చేయకపోతే స్టార్టరు మోటారుకు చేరవలసిన ప్రవాహం క్లచ్చి కేబులు వంటి దారులు వెతుక్కుని వాటిని కాల్చేస్తుంది. తీగలు రేకు రంధ్రం గుండా వెళ్లే ప్రతిచోటా రబ్బరు వలయం ఉండాలి. పెట్రోలు గొట్టం సైలెన్సరు పైపుకు దూరంగా పోవాలి.

పాఠ్యగత ప్రశ్న 2: రంగు వేసిన చట్రానికి ఎర్తు తీగను నేరుగా బిగిస్తే ఏమవుతుంది?

6. తొలి ప్రయాణం

ఇంజను నడుపుతూ నూనె పీడనం, నీటి వేడి గమనించాలి. పాత ఫోర్డు వి-8లో పొగ దారులు ఇంజను దిమ్మె గుండానే పోతాయి. అందువల్ల నీరు త్వరగా వేడెక్కుతుంది. రేడియేటరుకు చదరపు అంగుళానికి 7 పౌండ్ల పీడనం నిలిపే మూత పెడితే నీరు మరిగే ఉష్ణోగ్రత దాదాపు 11 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. వేడిగా ఉన్నప్పుడు ఆ మూతను ఎన్నడూ తీయరాదు.

మొదట ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి, బ్రేకు వేసి చూడాలి. బండి ఒక పక్కకు లాగితే అక్కడే ఆపి సరిచేయాలి. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుపోతే బండి అడ్డం తిరుగుతుంది. కాబట్టి ముందు వెనక బ్రేకుల పాళ్లు సరిచూడాలి. సుమారు 100 కి.మీ. నడిచిన తర్వాత చక్రాల నట్లన్నీ మళ్లీ బిగించాలి.

7. రంగు, గీతలు

ఇక అందం సంగతి. రేకును సాపు చేసి, పుట్టీ, ప్రైమరు, రంగు, ఆపై పారదర్శకమైన పూత వరుసగా వేస్తారు. ఆరిన తర్వాత సన్నని వాటర్ పేపరుతో నీళ్లు పోస్తూ రుద్ది మెరుగు పెడతారు. చివరగా పొడవాటి వెంట్రుకల కుంచెతో సన్నని గీతలు లాగుతారు. 1950లలో ఈ కళకు పేరు తెచ్చినవాడు వాన్ డచ్ అనే పేరుతో ప్రసిద్ధుడైన కెన్నెత్ హోవర్డ్. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీల మీద చేత్తో గీతలు, పూలు దిద్దే పనివారిని చూసినవారికి ఈ పని తేలికగా అర్థమవుతుంది.

8. మన దేశంలో

మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు తొలుత ఇచ్చిన వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. గ్యాసుతో నడిచేలా మార్చుకోవడం వంటి కొన్నింటికి నిబంధనల మేరకు వీలుంది. 2019లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను ఖచ్చితంగా పాటించాలని తీర్పు చెప్పింది. కాబట్టి ఇక్కడ పాత బండి చేతికి వస్తే, దానిని మొదటి రూపానికి తేవడమే తగిన పని. బ్రేకులు, బోల్టులు, వైరింగుల విషయంలో పై జాగ్రత్తలన్నీ ఆ పనికీ వర్తిస్తాయి.

మీరు ఏం నేర్చుకున్నారు?

– ముందు ఆగడం, తర్వాత తిన్నగా పోవడం, ఆ తర్వాత కాలకుండా ఉండటం, చివరన మెరవడం – ఇదే ముగింపు పనుల వరుస.
– వేగం పెరిగితే శక్తి దాని వర్గానికి అనుపాతంగా పెరుగుతుంది.
– ఫ్యూజు తీగను కాపాడుతుంది. ఎర్తు తీగ విద్యుత్తుకు సరైన దారి ఇస్తుంది.

జవాబులు: 1. నాలుగు రెట్లు. 2. రంగు విద్యుత్తును అడ్డుకుంటుంది. ప్రవాహం తగ్గి దీపాలు మసకబారతాయి, లేదా విద్యుత్తు వేరే దారి పట్టి ఆ భాగాలను వేడెక్కిస్తుంది.

చేసి చూడండి: మీ సైకిలు హ్యాండిలును, చక్రాల నట్లను, రెండు బ్రేకులను ఈ పాఠంలోని పద్ధతిలో పరీక్షించండి. కనిపించిన లోపాలను నోటు పుస్తకంలో రాసి, సరిచేసిన తర్వాతనే సైకిలు ఎక్కండి.