గాజుతంతిలోని వెలుగుబాటలు

విశాఖపట్టణమున మహాగణన కేంద్రమును నెలకొల్పెదమని గూగులు సంస్థ 2025 అక్టోబరు 14వ తేదీన ప్రకటించినది మొదలు మన పట్టణములలో నలుగురు కూడిన చోట నెల్ల ఆ ప్రస్తావమే వినవచ్చుచున్నది. ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి యనగా సామాన్యము కాదు. భూమిని గూర్చియు, విద్యుచ్ఛక్తిని గూర్చియు, నీటిని గూర్చియు, ఉద్యోగములను గూర్చియు చర్చ జరుగుచున్నది, జరుగవలసినదే. కాని ఆ ప్రకటనయందే యున్న వేఱొక మాటపై ప్రజల దృష్టి తగినంతగా ప్రసరింపలేదని మా యభిప్రాయము. సముద్రగర్భమున వచ్చు తంతులు విశాఖతీరమున నొడ్డెక్కునని యందు చెప్పబడినది. ఒడ్డెక్కిన యా వెలుగు పిమ్మట నెటు పోవును? ఏ త్రోవను, ఎవరి యాజమాన్యమున, ఏ వెలకు రాజమహేంద్రవరమునకును, తెనాలికిని, వరంగల్లునకును, కర్నూలునకును చేరును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు గాజుతంతిలో జరుగు పని యెట్టిదో యొకింత తెలిసికొనుట యావశ్యకము.

ఆప్టికల్ ఫైబరు అనునది తలవెండ్రుక కంటె నించుక లావైన గాజుపోగు. దాని నడుమ సుమారు 9 మైక్రాన్ల వెడల్పు గల యతిశుద్ధమైన గర్భము గలదు. వెలుగు ఆ గర్భమునుండి వెలుపలికి పోజాలక లోపలనే ప్రతిఫలించుచు ముందునకు సాగును. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ 1950 తరువాతి దశకమున లండనులో నిట్టి పోగులపై పరిశోధనలు చేసి కీర్తి గాంచెను. గాజులోని మాలిన్యమును తొలగించినచో వెలుగు దూరదేశములకు వార్తల మోయగలదని చార్లెస్ కావో 1966లో నిరూపించి, ఆ కృషికి 2009లో నోబెలు బహుమానము నందెను. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థవా రట్టి గాజును చేసి చూపిరి. అటుపిమ్మట రాగితంతి స్థానమును గాజుతంతి యాక్రమించుటకు ఎంతోకాలము పట్టలేదు.

అయినను తొలినాళ్లలో ఒక్కొక్క పోగులో నొక్కొక్క వెలుగే ప్రయాణించెడిది. వర్తకము పెరిగి, వార్తలు పెరిగి, పోగు నిండినచో వేఱొక పోగును వెలిగింపవలెను. పోగులన్నియు నిండినచో మరల భూమిని త్రవ్వి క్రొత్త తంతిని వేయవలెను. తంతిని వేయుటలో గాజునకగు ఖర్చు కంటె త్రవ్వకమునకును, అనుమతులకును, దారి హక్కునకును అగు ఖర్చే మిక్కుటము. ఈ చిక్కును విప్పినది తరంగదైర్ఘ్యముల విభజన మను నుపాయము.

ఇందలి రహస్యము సామాన్యుని యనుభవమునకు దూరమైనది కాదు. ఆకాశమున నెన్నియో రేడియో కేంద్రముల ధ్వనులు ఏకకాలమున సంచరించుచున్నను, మన యింటి రేడియోపెట్టె చెవిని త్రిప్పినంతనే కోరిన కేంద్ర మొక్కటియే పలుకును. ఏలయన ఒక్కొక్క కేంద్రమున కొక్కొక్క తరంగము నిర్ణయింపబడియున్నది. గాజుపోగులోను అట్లే. ఒక్కొక్క లేసరు దీపమునకు ఒక్కొక్క తరంగదైర్ఘ్యమును, అనగా ఒక్కొక్క రంగును, నిర్ణయింతురు. ఆ రంగులన్నింటిని ఒకచోట కలిపి యొకే పోగులోనికి పంపుదురు. అవి యొకదానిలో నొకటి లీనము కాక ప్రక్కప్రక్కనే పయనించును. ఆవలి కొనయందు పట్టకము వంటి సాధనము వానిని మరల విడదీసి యెవరి వార్త వారి కందించును. ఈ రంగులు కంటికి గానరావు. 1530 మొదలు 1565 నానోమీటర్ల వఱకు గల పరారుణ కాంతిలోనివి. గాజులో వెలుగు మిక్కిలి తక్కువగా క్షీణించు తావు అదియే.

ఈ రంగుల నడుమ నెంత యెడముండవలెనో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియను నియమము లేర్పఱచినది. 50 గిగాహెర్ట్‌జుల యెడమున సర్దినచో నొక్క పోగులో సుమారు 96 రంగులు పట్టును. ఒక్కొక్క రంగు సెకనునకు 100 గిగాబిట్లు మోసినచో, వెండ్రుకవంటి యా పోగు 9,600 గిగాబిట్లు మోయుచున్నదన్నమాట. నేడు ఒక్కొక్క రంగుపై 400, 800 గిగాబిట్లు పంపు సాధనములును వాడుకలోనికి వచ్చినవి. ఐతే అట్టి రంగునకు ఎక్కువ చోటు కావలెను గనుక రంగుల సంఖ్య తగ్గును. క్లాడ్ షానన్ 1948లో తేల్చిచెప్పిన గణితసూత్రము ప్రకారము ప్రతి త్రోవకును ఒక హద్దు గలదు, గాజుపోగునకును గలదు. కాని మన జిల్లాలలోని తంతులలో పెక్కింటికి ఆ హద్దు మిక్కిలి దూరమున నున్నది.

మఱియొక చిక్కు గూడ నుండెను. వెలుగు పోవుచు పోవుచు సన్నగిల్లును. పూర్వము కొంతదూరమున కొకసారి వెలుగును విద్యుత్తుగా మార్చి, బలపఱచి, మరల వెలుగుగా మార్చవలసివచ్చెడిది. రంగులు నూఱైనచో యంత్రములు నూఱు కావలెను గదా! 1987లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమువారు ఎర్బియము కలిపిన గాజుపోగుతో వెలుగును వెలుగుగనే బలపఱచు సాధనమును సిద్ధపఱచిరి. ఒక్క సాధనము రంగులన్నింటిని ఒకేసారి పుంజుకొనజేయును. సుమారు 80 కిలోమీటర్ల కొకటి చాలును. దూరప్రయాణములలో దీనికి తోడుగా రామన్ ఫలితముపై నాధారపడిన సాధనములును వాడుదురు. బాల్యమున విశాఖపట్టణమున చదువుకొనిన చంద్రశేఖర వేంకటరామన్ 1928లో కలకత్తాలో కనుగొనిన సత్యము నేడు ఖండాంతరముల నడుమ వ్యాపారవార్తలకు బలమిచ్చుచున్నదను మాట మన యువకులు మఱువరానిది.

ఈ విద్య మన తీరమున నెట్లు ఫలించినదో చూపుటకు చెన్నపట్టణమునుండి సింగపూరునకు 2002లో వేయబడిన ఐ2ఐ తంతి చక్కని నిదర్శనము. అందులో 8 జతల పోగులు గలవు. జతకు 105 రంగులు, రంగునకు 10 గిగాబిట్లు చొప్పున మొత్తము 8,400 గిగాబిట్లు మోయునట్లు దానిని నిర్మించిరి. రంగుల విభజనయే లేకున్నచో అదే తంతి 80 గిగాబిట్లకు మించి మోయజాలదు. ఎనిమిది త్రోవలు ఎనిమిదివందల నలువది త్రోవలైనవి. సముద్రమునకు ఒక్క గజము తంతియైనను అదనముగా దింపవలసిన పనిలేకపోయెను. ప్రపంచమున పెక్కు సముద్రతంతుల చరిత్ర యిట్టిదియే. పది గిగాబిట్ల రంగుల కొఱకు వేసిన తంతులు, ఇరుకొనలయందలి యంత్రములను మార్చినంతనే, నూఱు గిగాబిట్ల రంగులను మోయసాగినవి. అడుగున నున్న గాజు మాఱలేదు. ఒడ్డున నున్న యంత్రము మాఱినది.

ఇది వర్తకుల కేవిధమున నుపకరించును? బ్యాంకు నొకదానిని తలచుకొందము. ఖాతాల లెక్కలనుంచు యంత్రశాల నది యొక పట్టణమున నుంచి, దాని ప్రతిరూపమును వేఱొక పట్టణమున నుంచును. అగ్నియో వరదయో సంభవించినచో రెండవచోటినుండి పని సాగవలెను. ఈ రెంటి నడుమ లెక్కలు నిరంతరము ప్రవహింపవలెను. సాధారణమైన చందాతో వచ్చు త్రోవ పదిమంది యెక్కిన బండివంటిది. రద్దీ హెచ్చినచో ఆలస్య మనివార్యము. ఒక రంగునే తన పేర కౌలునకు దీసికొనినచో అందులో పరుల వార్త ప్రవేశింపదు. గాజులో వెలుగు సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదు విజయవాడల నడుమ 270 కిలోమీటర్ల తంతి యున్నచో, సెకనులో వేయవవంతు కంటె నించుక యెక్కువ కాలములో వార్త చేరును. నిత్యము అంతే కాలములో చేరును. వ్యాపారము పెరిగి త్రోవ చాలనిచో భూమిని త్రవ్వ నక్కఱలేదు. ఇరుకొనల యంత్రములను మార్చుటయో, వేఱొక రంగును వెలిగించుటయో చాలును.

గుంటూరు మిర్చి వర్తకునకుగాని, తణుకులోని మిల్లు యజమానికిగాని నిండు రంగొకటి కౌలునకు దీసికొను నగత్యము లేదని కొందఱనవచ్చును. నిజమే. కాని ఆ వర్తకునకు ఇంటర్నెట్టు నందించు స్థానిక వ్యాపారి తన పట్టణమునకు మొత్తముగా త్రోవను ఎక్కడనో కొనవలెను గదా! కాలువలో నీరున్నను తూము తాళపుచెవి యొక్కని చేతనే యున్నచో చేనులు ఎండుననుట మన రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పట్టణమునకు వచ్చు తంతి యొక్క సంస్థదే యై, రంగులను వేఱొకరికి కౌలున కీయక, తానే సరకును తానే ధరను నిర్ణయించునెడల, గాజులోని సమృద్ధి ప్రజకు దక్కదు. తొంబదియాఱు త్రోవలకు చోటున్న పోగులో నొక్కటి వెలిగించి, చోటు లేదని చెప్పి వెల హెచ్చించుట కృత్రిమమైన కఱవు గాక మఱేమి?

ఇచ్చట నొక హెచ్చరికయు నావశ్యకము. ఒక్క పోగులో నూఱు త్రోవలు పోవుచున్నవనగా, ఒక్క గడ్డపాఱ దెబ్బకు నూఱు త్రోవలును తెగునని యర్థము. రంగులు వేఱైనను తంతి యొకటియే. రెండు రంగులను కౌలునకు దీసికొని తాము సురక్షితులమని తలచు వ్యాపారులు ఆ రెండును ఒకే గోతిలో పోవుచున్నవేమో విచారింపవలెను. రోడ్డు వెడల్పు చేయువారును, నీటిగొట్టములు వేయువారును జె.సి.బి. యంత్రములతో తంతులను త్రెంపుట నిత్యము చూచుచున్నదే. త్రవ్వుటకు ముందు తెలియజేయుటకై కేంద్రప్రభుత్వము 2023 మార్చిలో నొక యేర్పాటు చేసినది. మన పురపాలక సంఘములు దానిని పాటింపక తప్పదు. భారత్‌నెట్ పథకమున తొలుత గ్రామములకు తంతిని తోకవలె సాగదీసిరి. ఒకచోట తెగిన నావలి పల్లెలన్నియు చీకటిపాలగును. 2023లో ఆమోదింపబడిన సవరణ పథకమున, ఒకవైపు తెగినను రెండవవైపునుండి వెలుగు చేరునట్లు, తంతిని వలయముగా వేయుటకు నిశ్చయించి 1,39,579 కోట్ల రూపాయలను కేటాయించిరి. వలయమునకు రెండు త్రోవలును నిజముగ వేఱువేఱుగ నుండునట్లు చూచుట ఇంజనీర్ల ధర్మము. అడిగి తెలిసికొనుట ప్రజల ధర్మము.

ప్రజల ధనముతో వేయబడిన గాజు మన దేశమున కొదువ లేదు. రైలుమార్గముల వెంట రెయిల్‌టెల్ తంతులు గలవు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ విద్యుత్ స్తంభములపై తంతులను లాగినది. తెలంగాణమున మిషన్ భగీరథ నీటిగొట్టముల గోతులలోనే తంతులు పఱచబడినవి. ఈ తంతులు రైతుల చేలప్రక్కను, మన వీధులలోను పోవుచున్నవి. ఇట్టి తంతులపై రంగులను, వెలిగింపని పోగులను, బహిరంగముగా ప్రకటింపబడిన ధరలకు, పెద్దవారికిని చిన్నవారికిని భేదము లేక కౌలున కీయవలెనని మేము కోరుచున్నాము. ఏ జిల్లాలో నెన్ని పోగులు వెలుగుచున్నవి, ఎన్ని ఖాళీగా నున్నవి యను లెక్క జనులకు తెలియజేయవలెను. లెక్క తెలియని యాస్తి యితరుల పాలగుట లోకానుభవము.

చివర నొక్క మాట. గాజులో మార్పు లేదనియు, యంత్రములే మాఱుచున్న వనియు పైన వ్రాసితిమి. అనగా తంతి మనదైనను, దాని విలువను పదింతలు చేయు యంత్రము ఎవరిదో వారిదే పైచేయి. 1984లో స్థాపింపబడిన సి-డాట్ పరిశోధనాలయమును, 2000లో బెంగుళూరున నారంభమైన తేజస్ నెట్‌వర్క్స్ సంస్థయు మనవారు ఈ విద్యలో వెనుకబడినవారు కారని నిరూపించినవి. కాని లోపలి లేసరులకును, సూక్ష్మమైన చిప్పులకును మనము ప్రధానముగా పరదేశములపై నాధారపడియున్నాము. పరప్రభుత్వ కాలమున టెలిగ్రాఫు తంతి మన నేలపైననే సాగినను, దాని మీట పాలకుల చేత నుండెను. స్వతంత్రులమైన పిమ్మట మీట నితరుల చేత నుంచుట తగదు. రామన్ పుట్టిన దేశమునకు వెలుగు క్రొత్త కాదు. విశాఖతీరమున నొడ్డెక్కు వెలుగు అచ్చటనే యొక కోటలో నిలిచిపోక, ప్రతి పట్టణపు బజారునకును, న్యాయమైన వెలకు, రెండు త్రోవల చేరునట్లు చేయుటయే నేటి ప్రభుత్వముల కర్తవ్యము. ఆ కర్తవ్యమును వారికి గుర్తుచేయుట మన పౌరుల కర్తవ్యము.