పేల్ ఏల్ బీరు రుచిలో మార్పు

పేల్ ఏల్ అనేది లేత రంగు మాల్టుతో, హాప్ పూలు ఎక్కువగా వేసి తయారుచేసే ఒక రకం బీరు. హాప్‌ల వలన కలిగే చేదు, నిమ్మజాతి పండ్లను పోలిన సువాసన దీని ప్రత్యేకతలు. ఒకే పేరుగల పేల్ ఏల్‌ను ఏళ్ల తరబడి తాగేవారు "ఇదివరకటి రుచి ఇప్పుడు లేదు" అనడం తరచుగా వినిపిస్తుంది. దీనికి కారణాలు మూడు విధాలు: సీసాలోని బీరు పాతబడడం, ముడిసరుకు గాని తయారీ పద్ధతి గాని మారడం, తాగేవారి నాలుక, ముక్కు మారడం. వీటిలో మొదటిది ప్రతి సీసాలోను తప్పక జరిగేదే. అయినా నింద మాత్రం చాలాసార్లు తయారీదారుపైనే పడుతుంది. కాబట్టి ఈ మూడింటినీ వేరుచేసి చూడడం అవసరం.

హాప్‌లు - చేదు, సువాసన

హాప్ ఒక తీగ మొక్క. దీని శాస్త్రీయ నామం హ్యూములస్ లూప్యులస్. బీరు తయారీకి పనికివచ్చేవి దీని ఆడపూల గుత్తులు. చిన్న పొలుసుల బంతిలా ఉండే ఈ గుత్తి రేకుల మొదళ్లలో లూప్యులిన్ అనే పసుపుపచ్చని జిగట పొడి ఉంటుంది. బీరుకు కావలసిన చేదు, వాసన రెండూ ఈ పొడి నుండే వస్తాయి.

చేదుకు మూలం ఆల్ఫా ఆమ్లాలు. ఇవి నీటిలో సరిగా కరగవు. మాల్టు కషాయంతో కలిపి మరిగించినప్పుడు వాటి అణువుల అమరిక మారి ఐసో ఆల్ఫా ఆమ్లాలు ఏర్పడతాయి. బీరులో తెలిసే చేదు ప్రధానంగా వీటిదే.

సువాసనకు మూలం ఆవిరి తైలాలు. వీటిలోని పదార్థాలు తెలుగువారి వంటింటికి కొత్తవి కావు. మిర్సీన్ మామిడిపండులోను, లినలూల్ ధనియాలలోను, కారియోఫిలీన్ మిరియాలలోను, లవంగాలలోను, జెరానియాల్ గులాబీలోను ఉంటాయి. ఈ తైలాలు మరిగిస్తే ఆవిరైపోతాయి. అందుచేత సువాసన కోసం వేసే హాప్‌లను కాచడం ముగిసే సమయంలో గాని, కషాయం పులిసిన తరువాత చల్లని బీరులో గాని వేస్తారు. చల్లని బీరులో వేసే పద్ధతిని డ్రై హాపింగ్ అంటారు. మూత సరిగా పెట్టని డబ్బాలో ధనియాల పొడి కొద్ది వారాలకే వాసన కోల్పోవడం అందరికీ తెలిసినదే. హాప్ సువాసన కూడా ఇంత చంచలమైనదే. చేదు కొంతకాలం నిలిచినా సువాసన ముందుగానే తగ్గిపోతుంది.

చరిత్ర

పేల్ ఏల్ రుచి కాలంతో మారడం ఎల్లప్పుడూ లోపంగా పరిగణింపబడలేదు. 18వ శతాబ్దం చివరి భాగంలో లండన్‌లోని బో ప్రాంతానికి చెందిన జార్జ్ హాడ్సన్ బీరు ఈస్టిండియా కంపెనీ ఓడలలో భారతదేశానికి వచ్చేది. ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి మద్రాసు, కలకత్తా రేవులకు చేరడానికి నెలలు పట్టేది. 1822లో బర్టన్ పట్టణానికి చెందిన ఆల్సాప్ సంస్థ కూడా ఈ వ్యాపారంలో ప్రవేశించింది. ఈ బీరే తరువాత ఇండియా పేల్ ఏల్ అన్న పేరుతో ప్రసిద్ధి చెందింది. ఆ కాలపు బీరు పీపాలో చాలాకాలం మాగడానికే ఉద్దేశింపబడినది. ప్రయాణంలో చేదు మెత్తబడి బీరు బాగా మాగేది. ఇంగ్లండులో ఇలా నిల్వ ఉంచిన బీర్ల ప్రత్యేక రుచికి ఒక రకమైన ఈస్టు కారణమని 1904లో డెన్మార్కుకు చెందిన నీల్స్ క్లౌసెన్ ప్రకటించి, దానికి బ్రెటనోమైసిస్ అని పేరుపెట్టాడు.

నేటి అమెరికా తరహా పేల్ ఏల్ లక్ష్యం దీనికి భిన్నమైనది. ఇందులో మాగుదల కంటే తాజా హాప్ పరిమళానికే ప్రాధాన్యం. ఈ తరహాకు పునాది వేసినది 1972లో విడుదలైన కాస్కేడ్ అనే హాప్ రకం. పంపరపనస తొక్కను నలిపినప్పుడు వచ్చే వాసనను పోలిన పరిమళం దీనికి ఉంటుంది. కాలిఫోర్నియా రాష్ట్రంలోని చీకో పట్టణంలో కెన్ గ్రాస్‌మన్, పాల్ కముసి 1980లో బీరు తయారీ ప్రారంభించిన సియెర్రా నెవాడా సంస్థ పేల్ ఏల్ ఈ హాప్‌కు విశేష ప్రచారం తెచ్చింది.

సీసాలో జరిగే మార్పులు

ఆక్సిజన్: బీరుకు ప్రధాన శత్రువు ఆక్సిజన్. సీసా నింపేటప్పుడు కొద్దిగా గాలి లోపల చిక్కుకుంటుంది. ఆ తరువాత కూడా మూత అంచుల గుండా అతి నెమ్మదిగా లోనికి చేరుతుంది. మంచి కర్మాగారాలు నింపే సమయంలో ఆక్సిజన్‌ను లీటరుకు 50 మైక్రోగ్రాముల లోపుకు పరిమితం చేయడానికి ప్రయత్నిస్తాయి. ఇంత స్వల్ప పరిమాణం కూడా హాప్ తైలాలను మార్చగలదు. సువాసన తగ్గినకొద్దీ దాని చాటున ఉన్న మాల్టు తీపి పైకి తేలి, బీరు తేనె వలె, పంచదార పాకం వలె అనిపిస్తుంది. రంగు కొంత ముదురుతుంది. మరికొంతకాలానికి తడిసిన అట్టముక్క వాసన రావచ్చు. దీనికి ప్రధాన కారణంగా చెప్పబడే పదార్థం ట్రాన్స్-2-నోనెనాల్ అనే ఆల్డిహైడు. సీసాలో సజీవమైన ఈస్టు కొంత మిగిలి ఉంటే అది ఆక్సిజన్‌ను గ్రహించి ఈ మార్పును ఆలస్యం చేస్తుంది.

చేదులో మార్పు: ఐసో ఆల్ఫా ఆమ్లాలు సిస్, ట్రాన్స్ అనే రెండు రూపాలలో ఉంటాయి. నిల్వలో ట్రాన్స్ రూపం త్వరగా నశిస్తుంది, సిస్ రూపం ఎక్కువకాలం నిలుస్తుంది. ఈ విచ్ఛిత్తిలో ఏర్పడే కొన్ని పదార్థాలకు నాలుకపై మొండిగా నిలిచే చేదు ఉంటుంది. అందువలన పాత బీరులో చేదు తగ్గడమే కాక దాని స్వభావం కూడా మారుతుంది.

వేడి: పై రసాయన చర్యలన్నీ వేడిలో వేగం పుంజుకుంటాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడల్లా చర్యల వేగం సుమారు రెండు మూడు రెట్లు అవుతుందని స్థూలంగా లెక్కిస్తారు. రెండు రెట్లని తీసుకుంటే 5 డిగ్రీలతో పోల్చినప్పుడు 35 డిగ్రీల వద్ద వేగం ఎనిమిది రెట్లు. అనగా వేసవిలో గోదాములో గడిపిన ఒక నెల చల్లని పెట్టెలో గడిపిన ఎనిమిది నెలలతో సమానమని అంచనా. కాబట్టి సీసా వయస్సుతో పాటు అది ఎక్కడ గడిపినదన్నది కూడా ముఖ్యమే.

వెలుతురు: సూర్యకాంతిలోని అతినీలలోహిత, నీలి కిరణాలు పడినప్పుడు బీరులో సహజంగా ఉండే రైబోఫ్లావిన్ (విటమిన్ బి2) ఆ శక్తిని గ్రహిస్తుంది. దానివలన ఐసో ఆల్ఫా ఆమ్లాలు విడిపోయి, గంధకంతో కూడిన ఒక థయాల్ పదార్థం ఏర్పడుతుంది. స్కంక్ అనే అమెరికా జంతువు చిమ్మే ద్రవం వంటి దుర్వాసన దీనిది. లీటరుకు కొద్ది నానోగ్రాములు ఉన్నా ముక్కు దీనిని పసిగడుతుంది. ఎండలో ఉంచిన బీరులో ఈ వాసన నిమిషాల వ్యవధిలోనే రావచ్చు. గోధుమరంగు గాజు ఈ కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది; ఆకుపచ్చ గాజు కొంతమేరకే అడ్డుకుంటుంది; రంగులేని గాజు దాదాపు అడ్డుకోదు. లోహపు డబ్బాలోకి వెలుతురు ప్రవేశించదు.

మూత: సీసా మూత లోపలి మెత్తని పొర కూడా తైలాలను పీల్చుకుంటుంది. నీటిలో కరగని మిర్సీన్ వంటివి ఇందులోకి ఎక్కువగా చేరతాయి. నీటిలో కొంత కరిగే లినలూల్ బీరులోనే ఎక్కువగా మిగులుతుంది. అందుచేత పరిమళం మొత్తంగా తగ్గడంతో పాటు దాని పాళ్లు కూడా మారతాయి.

తయారీలో వచ్చే మార్పులు

హాప్ ఏడాదికి ఒకసారి పండే పంట. అమెరికాలో దీనికి ముఖ్య కేంద్రమైన వాషింగ్టన్ రాష్ట్రపు యాకిమా లోయలో ఆగస్టు చివరి నుండి సెప్టెంబరు వరకు కోత జరుగుతుంది. వర్షపాతం, ఎండ, నేల, కోసిన తేదీ వీటిని బట్టి ఒకే రకం హాప్‌లో కూడా తైలాల పాళ్లు మారతాయి. కొన్ని రకాలను ఆలస్యంగా కోస్తే ఉల్లి, వెల్లుల్లి వాసన వస్తుంది. పెద్ద తయారీదారులు కోతకాలంలో స్వయంగా వెళ్లి, పూలను అరచేతుల మధ్య నలిపి వాసన చూసి తమకు కావలసిన సరుకును ఎంచుకుంటారు. ఏడాది పొడవునా ఆ పంటనే వాడవలసి ఉంటుంది కనుక దానిని గాలి చొరని సంచులలో చల్లగా నిల్వ చేస్తారు. అయినప్పటికీ నిల్వలో కొంత ఆల్ఫా ఆమ్లం నశిస్తుంది.

నీరు మరొక కారణం. సల్ఫేటు లవణాలు ఎక్కువగా ఉన్న నీరు చేదును పదునుగా చూపుతుంది. క్లోరైడు ఎక్కువైతే బీరు మెత్తగా అనిపిస్తుంది. బర్టన్ పేల్ ఏల్‌కు పేరు రావడానికి అక్కడి సల్ఫేటు నీరు ఒక కారణం. ఒకే బీరును రెండు ఊళ్లలో తయారుచేసేవారు రెండు చోట్లా నీటి లవణాలను సరిచేసుకోవాలి. సియెర్రా నెవాడా సంస్థ 2014లో దేశానికి రెండవ కొసన, నార్త్ కరోలినా రాష్ట్రంలోని మిల్స్ రివర్‌లో మరొక కర్మాగారం తెరిచింది.

చల్లని బీరులో వేసిన హాప్‌లు వాసనను మాత్రమే ఇచ్చి ఊరుకోవు. వాటిలోని ఎంజైములు బీరులో పులియక మిగిలిన పిండి శకలాలను చక్కెరగా విడగొట్టగలవు. ఆ చక్కెరను ఈస్టు మళ్లీ పులియబెడుతుంది. దీనివలన తీపి తగ్గి, మద్యం, నురుగు పెరుగుతాయి. ఒక్కొక్కసారి వెన్న వాసన గల డైఅసిటైల్ ఏర్పడుతుంది. ఈ సంగతిని ఇంగ్లండులో బ్రౌన్, మోరిస్ 1893లోనే వివరించారు. హాప్‌ల వాడకం బాగా పెరిగిన 21వ శతాబ్దంలో ఇది హాప్ క్రీప్ అనే పేరుతో మరల చర్చకు వచ్చింది.

తాగేవారిలో వచ్చే మార్పులు

బీరు మారకపోయినా రుచి మారినట్లు అనిపించవచ్చు. మొదటిసారి కాఫీ చేదుగా తోచినవారికి కొన్నాళ్లకు అదే చప్పగా తోచినట్లు, హాప్‌ల చేదుకు అలవాటుపడినవారు మరింత చేదును కోరుకుంటారు. 1980లలో ఘాటైనదిగా పేరొందిన పేల్ ఏల్, అంతకంటే ఎన్నో రెట్లు హాప్‌లు వేసిన తరువాతి బీర్ల పక్కన సౌమ్యంగా అనిపించడం సహజం.

వాసన పట్టే శక్తి వయస్సుతో తగ్గుతుంది. జలుబు దీనిని తాత్కాలికంగా మందగింపజేస్తుంది. 2020లో ప్రపంచమంతటా వ్యాపించిన కోవిడ్-19 వ్యాధి తరువాత కొందరికి వాసనలు తెలియకపోవడం, మరికొందరికి వికృతంగా తెలియడం గమనించబడింది. బీరును మరీ చల్లగా తాగినప్పుడు సువాసన పైకి రాదు. అంతకుముందు తిన్న కారం, తీపి కూడా తేడా కలిగిస్తాయి.

కారణాన్ని గుర్తించడం

వాసనను బట్టి కారణాన్ని కొంతవరకు ఊహించవచ్చు:

* తడిసిన అట్ట, తేనె, పంచదార పాకం వాసన - పాతబడడం, ఆక్సిజన్, వేడి
* స్కంక్ వాసన - వెలుతురు
* వెన్న వాసన - పులియడంలో లోపం, హాప్ క్రీప్ లేదా దుకాణంలోని గొట్టాలలో చేరిన సూక్ష్మజీవులు
* పీపా నుండి పట్టిన బీరులో మాత్రమే పులుపు - శుభ్రం చేయని గొట్టాలు
* దుర్వాసన ఏదీ లేకుండా పరిమళం తగ్గడం - బీరు వయస్సు, ఆ ఏటి పంట లేదా తాగేవారి అలవాటు

అనుమానం తీరడానికి త్రిభుజ పరీక్ష ఉపయోగపడుతుంది. పాత సీసా, కొత్త సీసా తీసుకొని, మూడు గ్లాసులలో రెండింటిలో ఒక బీరు, మూడవదానిలో రెండవ బీరు వేరొకరి చేత పోయించాలి. ఏది భిన్నమైనదో రుచి చూసేవారు చెప్పాలి. ఊహతో చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కనుక పరీక్షను చాలాసార్లు జరపాలి. పదే పదే సరిగా గుర్తించగలిగితే తేడా బీరులోనే ఉన్నది. గుర్తించలేకపోతే కారణాన్ని తాగేవారిలో వెదకవలసి ఉంటుంది.

నిల్వ

హాప్ ప్రధానమైన బీరును కొన్నప్పుడు సీసాపై తయారీ తేదీ చూడడం, చల్లగా, చీకటిలో నిలువుగా ఉంచడం, కొద్ది వారాలలో వాడడం మంచిది. పాతబడిన బీరు సాధారణంగా హానికరం కాదు. పోయేది సువాసన మాత్రమే. పోయిన సువాసన తిరిగి చల్లబరచినంత మాత్రాన రాదు. అందుచేత ఇది మారిపోయిందన్న నిర్ణయానికి వచ్చేముందు ఇటీవల తయారై, చల్లగా నిల్వ ఉన్న సీసాను ఒకటి రుచి చూడడం ఉచితం.

ఇవి కూడా చూడండి

* బీరు
* ఈస్టు
* బార్లీ
* ఈస్టిండియా కంపెనీ