కొండలెక్కిన మోర్సు

తంతివార్తల కాలము గతించినను మోర్సు సంకేతము మూగవోలేదు. 1999లో నౌకల ఆపద్వార్తా విధానము దానిని విడిచినది. 2003లో అంతర్జాతీయ రేడియో సమావేశము ఔత్సాహికులకు మోర్సు పరీక్ష తప్పనిసరి కాదని నిర్ణయించినది. రాజ్యములు విడుచుచున్న ఆ దినములలోనే కొందరు దానిని ప్రీతితో కొండలెక్కించిరి.

2002 మార్చిలో బ్రిటనులో ఆరంభమైన ‘సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్’ ఇందుకు తార్కాణము. ఇందు పరికరములన్నియు శిఖరమునకు మోసికొనిపోవలెను. వాహనపు విద్యుత్తు పనికిరాదు. కనీసము నలుగురితో సంభాషించినగాని పాయింట్లు దక్కవు. కావున బరువే మొదటి శత్రువు. మోర్సు ప్రియుని సంచిలో అరచేతి పాటి యంత్రము, చిన్న బ్యాటరీ, మీట, సుమారు 20 మీటర్ల సన్నని తీగ ఉండును. శక్తి తరచుగా 5 వాట్లే, చిన్న ఎల్.ఇ.డి. దీపమునకు చాలునంత.

ఇంత స్వల్పశక్తి సముద్రములు దాటుట ఎట్లు? మానవకంఠమును పంపుటకు రమారమి 2,500 హెర్ట్జుల వెడల్పు కావలెను. మోర్సుకు 150 చాలును. శక్తి యంతయు ఆ ఇరుకు దారిలోనే సాగును. ఆకాశమున అయనావరణము దానిని దూరతీరములకు మరలించును. రొదలోనుండి వినువాని చెవి దానిని ఏరుకొనును.

యంత్రము తేలికయగుకొలది మనిషి నేర్పు పెరుగవలెను. చట్టము విడిచిన విద్యను నేడు చెవియు వ్రేళ్లును నిలుపుచున్నవి.